తారీఖు తప్పితే చరిత్ర తప్పుతుందా?

పాఠకుల ప్రశ్నలు, రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా అమ్మమ్మకు తొంభై దాటాయి. నిజాం మీద, దొరల మీద కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో గడ్డిమోపులో చీటీలు దాచి దళాలకు చేరవేసేదట. ఫోన్‌లో రికార్డు చేద్దామని కూర్చుంటే, పోలీస్ యాక్షన్ అయిపోయాక రజాకార్లు, అంటే నిజాం వైపు పోరాడిన ప్రైవేటు సైన్యం, వచ్చి తమ ఇల్లు తగలబెట్టారని చెబుతోంది. అదెలా కుదురుతుంది? "ముసలామెకు మతి తప్పింది, ఆ రికార్డింగులు ఎవరు నమ్ముతారు" అని మా మామయ్య తీసిపారేస్తున్నారు. అమ్మమ్మను అడిగితే "నేను జూసిన్నంటె జూసిన, తారీఖు నాకేమెరుక?" అంటుంది. రాసేటప్పుడు తేదీలు నేనే సరిచేయొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా, ముట్టుకోకండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టే ఉంచండి. మీ అనుమానం ఏదైనా ఉంటే పక్కన మీ పేరుతో వేరుగా రాసుకోండి.

పోలీస్ యాక్షన్, అంటే హైదరాబాద్ సంస్థానం మీదికి భారత సైన్యం రావడం, 1948 సెప్టెంబరు 13న మొదలై 17న నిజాం లొంగుబాటుతో ముగిసిందని మనం పాఠాల్లో చెప్పుకుంటాం. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీని అరెస్టు చేశారు, రజాకార్ల సంస్థను నిషేధించారు. హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకు కథ అక్కడితో అయిపోయింది. మీ అమ్మమ్మ ఊళ్ళో అవలేదు. సంఘం వాళ్ళను, అంటే పోరాటం నడుపుతున్న కమ్యూనిస్టులను, వేటాడుతూ యూనియన్ సైన్యం (భారత సైన్యం) పల్లెల్లోకి దిగింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా దాడులు సాగాయి. అంటే ఆ అయిదారేళ్ళలో రాత్రిపూట తలుపు తన్నినవాళ్ళు మూడు రకాలు: దొర మనుషులు, రజాకార్లు, మిలిట్రీ. చీకట్లో జొన్నచేలో నక్కిన ఆడపిల్లకు ముగ్గురూ ఒక్కటే. ఇల్లు కాలిందన్నది నిజమే అయ్యుండొచ్చు, ఎవరు కాల్చారన్న దగ్గరే ముడి ఉంది. మీరు తేదీ దిద్దేస్తే ఆ ముడి ఎవరికీ కనపడదు.

ఈసారి కూర్చున్నప్పుడు తారీఖు అడగకండి. నల్లగొండ జిల్లాలో పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను అడిగేవి ఇవి: వచ్చినవాళ్ళు ఏ బట్టలు వేసుకున్నారు? ఏ భాషలో అరిచారు? నడిచొచ్చారా, లారీల్లో వచ్చారా? చేలో అప్పుడు ఏ పంట ఉంది, కంకి పట్టిందా? అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకోటి ఉంది. "అప్పటికి దొర గడికి (దొర ఉండే కోటలాంటి ఇల్లు) తిరిగొచ్చిండా?" అని అడగండి. సంఘం బలంగా ఉన్నప్పుడు ఊళ్ళొదిలి పట్నం పారిపోయిన దొరలు చాలామంది పోలీస్ యాక్షన్ తర్వాత మిలిట్రీ వెనకాల, కొందరు కాంగ్రెస్ టోపీ పెట్టుకుని మరీ, తిరిగొచ్చారు. దొర ఊళ్ళో ఉన్నాడా లేడా అన్నది ఏ ముసలమ్మా మర్చిపోదు. అది తేలితే మీ తేదీ చాలావరకు తేలినట్టే. ఇంట్లో పాత పహాణీ (భూమి రికార్డు) కాగితాలేమైనా ఉంటే చూడండి. వాటి మీద ఫసలీ సంవత్సరం, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటుంది, దానికి 590 కలుపుకోండి. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి మరుసటేడు సెప్టెంబరు దాకా.

ఇక నమ్మడం సంగతి. ఇటలీలో తెర్ని అని ఉక్కు కార్మికుల ఊరు ఉంది. 1949 మార్చి 17న, ఇటలీ నాటో సైనిక కూటమిలో చేరడానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో లూయిజీ ట్రస్తుల్లి అనే 21 ఏళ్ళ కార్మికుణ్ణి పోలీసులు చంపారు. ఏళ్ళ తర్వాత అలెస్సాండ్రో పోర్తెల్లి అనే పరిశోధకుడు ఆ ఊరివాళ్ళను అడిగితే, చాలామంది ఆ చావు 1953లో జరిగిందన్నారు. ఫ్యాక్టరీలోంచి వేలమందిని తీసేసినప్పుడు వీధుల్లో జరిగిన కొట్లాటలో పోయాడన్నారు. కళ్ళతో చూసినవాళ్ళు కూడా! పోర్తెల్లి వాళ్ళను మతిమరుపు మనుషులని వదిలేయలేదు. తోటివాడు చస్తే ఏమీ చేయలేకపోయామన్న బాధ వాళ్ళను తినేసింది, అందుకే ఆ చావును తాము తిరగబడ్డ రోజుకు జరిపేసుకున్నారని తేల్చాడు. పోలీసు రికార్డు చూస్తే అతను ఎప్పుడు చనిపోయాడో తెలుస్తుంది. ఆ చావు ఆ ఊరిని ఎంతకాలం కుదిపిందో అందులో ఉండదు.

మీ మామయ్య గారి గురించి ఒక మాట, ఏమనుకోకండి. రికార్డింగప్పుడు ఆయన్ని గదిలో ఉండనివ్వకండి. మగవాళ్ళు పక్కనుంటే మన ఆడవాళ్ళు "అదేముంది, అన్నం వండి పంపినం" అని ఊరుకుంటారు. 1980లలో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్ళు చిట్యాల (చాకలి) ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, ఇంకా ఎందరో స్త్రీలను కలిసి, వాళ్ళ మాటల్లోనే 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చారు. పార్టీ చరిత్రల్లో ఎదురుకాల్పులున్నాయి, తీర్మానాలున్నాయి. ఆ పుస్తకంలో అడవిలో బిడ్డను వదులుకోవాల్సి వచ్చిన తల్లి ఉంది. పోరాటం విరమించాక ఇక ఇళ్ళకు పొండి అంటే ఏ ఇంటికి పోవాలో తెలియని ఆడవాళ్ళున్నారు. ముప్ఫై ఏళ్ళకు పైగా వాళ్ళను ఎవరూ అడగలేదు. మీరు మీ అమ్మమ్మను ఇంకా ఆలస్యంగా అడుగుతున్నారు కాబట్టి, వచ్చే ఆదివారమే మళ్ళీ వెళ్ళండి.

ప్రశ్న: మా తాలూకాలో ఒక ఊళ్ళో మిలిట్రీ కాల్పుల్లో కొందరు చనిపోయారు. "దళం వాళ్ళు లొంగిపోతే ఊరిని వదిలేస్తామని ముందే టముకు వేయించారు, వాళ్ళు రాలేదు కాబట్టే మనవాళ్ళు పోయారు" అని ఊరంతా ఒకే మాట చెబుతోంది. ఇంతమంది చెప్పారంటే నిజమే కదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అందరూ ఒకే మాట, అదీ ఒకే వరుసలో చెబుతుంటే నాకైతే టెన్షనే.

జర్మన్ నాజీల చేతిలో ఉన్న రోమ్ నగరంలో 1944 మార్చి 23న ప్రతిఘటన దళం బాంబు పెట్టి 33 మంది జర్మన్ పోలీసులను చంపింది. మర్నాడు నాజీలు 335 మందిని ఆర్దియాతీన్ గుహల్లో కాల్చేశారు. దళం వాళ్ళు లొంగిపోవాలని గోడల మీద పోస్టర్లు వేశారనీ, వాళ్ళు పిరికితనంతో దాక్కున్నారనీ రోమ్‌లో తరాల పాటు చెప్పుకున్నారు. అసలు అలాంటి పోస్టరే లేదు. బాంబు పేలిన మర్నాడే చంపేశారు, ప్రకటన ఆ తర్వాత వచ్చింది. దీన్ని కూడా తవ్వి తీసింది పోర్తెల్లినే. ఇది తెర్నిలో జరిగినట్టు బాధలోంచి పుట్టిన పొరపాటు కాదు, రాజకీయంగా కొందరికి బాగా పనికొచ్చిన కథ. మౌఖిక చరిత్ర (మనుషుల నోటి మాటల్లోంచి రాసే చరిత్ర) అంటే పెద్దలు చెప్పిందల్లా వేదమని అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మీ ఊరి కథ అబద్ధమని నేను అనడం లేదు. ఒక్కొక్కరినీ విడివిడిగా, వాళ్ళ ఇంట్లో కూర్చుని అడగండి, రచ్చబండ దగ్గర వద్దు. టముకు మీరే విన్నారా, ఎవరైనా చెప్పారా? అప్పుడు మీరెక్కడ నిలబడ్డారు? టముకు వేసిందెవరు, ఆయన ఇల్లెక్కడ? పొద్దునా, సాయంత్రమా? విన్నవాడు తడుముకుంటాడేమో గానీ ఏదో ఒకటి చెబుతాడు. వినికిడి మాట పట్టుకున్నవాడు మళ్ళీ మొదటి వాక్యం దగ్గరికే వస్తాడు. ఈ కథ చెప్పుకోవడం ఎప్పుడు మొదలైంది, మొదట ఎవరి నోట వచ్చింది అన్నది కూడా రాసుకోండి. చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు వేరే రకంగా చెబుతున్నారేమో చూడండి.

ప్రశ్న: మా తాతయ్య మాటలు రికార్డు చేశాను. ఆయన యాస మా పిల్లలకు అర్థం కావడం లేదు, మామూలు తెలుగులోకి మార్చి యూట్యూబ్‌లో పెడదామని ఉంది. దళాన్ని పట్టించింది ఫలానా ఇంటివాళ్ళని పేరుతో సహా చెప్పారు. పెట్టొచ్చా?
– ఒక ప్రవాస పాఠకుడు, డాలస్

జవాబు: యాస మార్చొద్దు. పిల్లల కోసం కావాలంటే కింద అక్షరాలు వేయండి.

పేరు మాత్రం పెట్టొద్దు. మీరు డాలస్‌లో ఉన్నారు, ఆ ఇంటి మనవలు అదే ఊళ్ళో ఉన్నారు. ఒక్కరి నోటి మాట మీద వాళ్ళకు ఆ మచ్చ అంటగట్టే హక్కు మీకూ లేదు, నాకూ లేదు. అసలు రికార్డింగు ఏమీ కోయకుండా రెండు చోట్ల దాచండి. బయట పెట్టే దాంట్లో పేరు వచ్చిన చోట శబ్దం తీసేసి, తీసేశామని రాయండి. దానికన్నా ముందు తాతయ్యకు ఫోన్ చేసి ఇది లోకమంతా చూస్తుందని చెప్పి, సరేనంటారో లేదో అడగండి. ఆయన జవాబు కూడా రికార్డు చేయండి. మనవడితో చెప్పుకున్న మాట అందరి ముందూ చెప్పడం ఆయనకు ఇష్టం లేకపోవచ్చు.