'హ్యావ్'కీ క్రియకీ మధ్య టైమ్ చెప్పే మాట పెట్టొచ్చా?

మీరు అడిగిన వాక్యం ఇది: 'ద కంపెనీ హ్యాజ్ ఇన్ ద లాస్ట్ టూ ఇయర్స్ ఓపెన్డ్ ఫైవ్ బ్రాంచెస్.' గ్రామర్ ప్రకారం తప్పు కాదు. పత్రికల్లో, రిపోర్టుల్లో ఇలాంటివి, తరచుగా కామాల మధ్య, కనిపిస్తూనే ఉంటాయి. మాటల్లో మాత్రం దాదాపు ఎవరూ ఇలా అనరు, మామూలు ఈమెయిల్లో కూడా ఎబ్బెట్టుగానే ఉంటుంది. 'హ్యాజ్' రాగానే చదివేవాళ్ళు 'ఓపెన్డ్' కోసం చూస్తారు, ఈలోపు ఐదు మాటలు అడ్డం పడుతున్నాయి. ఆ ముక్కని వాక్యం చివరికి పంపండి, లేదా మొదట్లో పెట్టి కామా వేయండి.

అలాగని మధ్యలో ఏదీ దూరకూడదనే రూలేమీ లేదు. ఉందని చెప్పేవాళ్ళు ఉన్నారు, పట్టించుకోకండి. ఆల్రెడీ, జస్ట్, నెవర్, ఆల్వేస్ లాంటి వాటికి మామూలు చోటే అది: 'ఐ హ్యావ్ జస్ట్ ఫినిష్డ్ ఇట్.' పొట్టిగా ఉంటే రెండు మాటలైనా ఇముడుతాయి: 'వి హ్యావ్ సో ఫార్ రిసీవ్డ్ టెన్ అప్లికేషన్స్.' 'సిన్స్ 2019' చివరికి వెళ్తుంది గానీ, ఒంటరి 'సిన్స్' మధ్యలో చక్కగా కూర్చుంటుంది: 'హి హ్యాజ్ సిన్స్ రిజైన్డ్', అంటే ఆ తర్వాత రాజీనామా చేసేశాడని.

'యెట్' చివర్లో, 'స్టిల్' మాత్రం 'హ్యావెంట్' కంటే ముందు: 'ఐ స్టిల్ హ్యావెంట్ గాట్ ఎ రిప్లై.' 'ఎస్టర్‌డే'ని 'హ్యావ్' వాక్యంలో ఎక్కడికి జరిపినా లాభం లేదు, ఆ రెండూ కలవవు. అక్కడ మార్చాల్సింది చోటు కాదు, టెన్సే. 'ఐ సెంట్ ఇట్ ఎస్టర్‌డే' అనాలి.

పాసివ్‌లో 'హ్యావ్' వస్తే హెల్పింగ్ వెర్బులు రెండు ఉంటాయి. టైమ్ మాటని మొదటిదాని పక్కన పెట్టండి: 'ద రోడ్ హ్యాజ్ రీసెంట్లీ బీన్ రిపేర్డ్.' 'బీన్' తర్వాత పెట్టినవీ కనిపిస్తాయి గానీ ఇదే సాఫీగా ఉంటుంది. ఎలా జరిగిందో చెప్పే మాటైతే 'బీన్' తర్వాతే: 'హ్యాజ్ బీన్ బ్యాడ్లీ డ్యామేజ్డ్.'

అసలు చిక్కు నెగెటివ్ వాక్యాల్లో వస్తుంది. 'షి హ్యాజంట్ వర్క్‌డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అంటే రెండర్థాలు. ఆవిడ ఇక్కడ పని మానేసి రెండేళ్ళయింది అని ఒకటి, చేరి ఇంకా రెండేళ్ళు నిండలేదు అని ఇంకోటి. 'ఫర్ టూ ఇయర్స్' మొదటికి తెస్తే మొదటి అర్థమే మిగులుతుంది. రెండోది కావాలంటే వాక్యమే మార్చాలి: 'షి హ్యాజ్ వర్క్‌డ్ హియర్ ఫర్ లెస్ దాన్ టూ ఇయర్స్.' అనుభవ ధ్రువపత్రాల్లో ఈ తేడా చిన్నది కాదు.

చివరికి పంపడం కూడా అన్నిసార్లూ క్షేమం కాదు. 'ద బోర్డ్ హ్యాజ్ అప్రూవ్డ్ ఆల్ ద ప్రాజెక్ట్స్ వి సబ్మిటెడ్ ఇన్ ద లాస్ట్ టూ ఇయర్స్' చూడండి. రెండేళ్ళలో జరిగింది ఆమోదమా, మనం సమర్పించడమా? టైమ్ ముక్క తనకి దగ్గరున్న క్రియనే పట్టుకుంటుంది కాబట్టి చదివేవాళ్ళు సమర్పించడమనే అనుకుంటారు. మీ ఉద్దేశం ఆమోదమైతే ఆ టైమ్ ముక్కని వాక్యం మొదట్లో పెట్టాల్సిందే. పత్రికలవాళ్ళు 'హ్యాజ్' పక్కన ఇరికించడానికి ఒక కారణం ఇదే.