మీనాకి తెలుగు వస్తుంది, తొందరపడకు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. అల్లుడికి పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీకి బదిలీ అయిందనీ, ఫిబ్రవరిలో కొరియాలో గ్వాంగ్జు ఇల్లు ఖాళీ చేసి, నువ్వూ అల్లుడూ మీ పిల్ల మీనా ముగ్గురూ వచ్చేస్తున్నారనీ చెప్పింది. 2019లో కియా కార్లు మొదలైనప్పుడు కొరియా వాళ్లు అనంతపురం జిల్లాలో కాపురాలు పెడుతున్నారని పేపర్లో చదివాను. మన పిల్లే వస్తుందని అప్పుడు అనుకోలేదు. ఊళ్లో అందరికీ చెప్పేశాను కూడా.

తర్వాత మీ అమ్మ ఇంకో మాట అంది. "ఏడాదిలో మీనా తెలుగు గడగడా మాట్లాడాలట, ఇప్పట్నుంచే ఇంట్లో కొరియన్ బంద్ చేసేసింది" అని. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

స్కూలు కాగితాలకి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లడానికి వేసే ప్రభుత్వ ముద్ర) అక్కడే వేయించుకో. టీకాల కార్డు మర్చిపోకు. పెనుకొండలో మొదటి నెల నీళ్లు కాచి తాగండి. ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియంది చెప్తా విను.

1991లో మీ పెదనాన్నకి ఖరగ్‌పూర్ నుంచి వాల్తేరుకి బదిలీ అయింది. అప్పట్లో రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. బాబుకి పన్నెండేళ్లు. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లకి కొదవ లేదు, అయినా వాడి నోట బెంగాలీయే. నేను తెలుగులో అడిగితే బెంగాలీలో జవాబు చెప్పేవాడు. వాల్తేరులో దిగిన మర్నాడే హుకుం జారీ చేశాను, ఇంట్లో తెలుగు తప్ప వినపడకూడదని. మీ పెదనాన్నకీ అదే ఆర్డరు. పాపం, బెంగాలీ మనిషి, ఆయన తెలుగు నీకు తెలుసుగా!

ఆ ఏడే విజయనగరంలో ఓ పెళ్లి. బంతిలో వడ్డించేవాడితో వీడు "బంకాయ కూర బద్దు" అన్నాడు. బెంగాలీవాళ్ల నోట్లో 'వ' 'బ' అయిపోతుంది కదా. బంతి బంతంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినదాన్ని నేనే. మళ్లీ చెప్పరా అని వచ్చినవాళ్లందరి ముందూ చెప్పించాను కూడా.

ఆ తర్వాత వాడు తెలుగులో ఒక్క తప్పు పలకలేదు. అసలు మాట్లాడితే కదా! ఊఁ, ఉహూఁ, అంతే. సాయంత్రమయ్యేసరికి తండ్రీ కొడుకులు ఉప్పు తెస్తామని బయల్దేరేవారు. వంటింట్లో ఉప్పు ప్యాకెట్లు నాలుగు పోగయ్యాక అనుమానమొచ్చి వెనకే వెళ్లాను. రైలు కట్ట పక్కన కల్వర్టు మీద కూర్చుని ఇద్దరూ బెంగాలీలో గలగలా మాట్లాడుకుంటున్నారు. వాడు చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నాడు, స్కూలు సంగతే. ఆ గొంతు విని ఎన్ని నెలలైందో. నన్ను చూడగానే లేచి నిలబడి, "వచ్చేస్తున్నామమ్మా" అన్నాడు. 'వ' సరిగ్గానే పలికింది.

అందుకే చెప్తున్నా, మొండిదానా. మీనాని వాళ్ల నాన్నతో కొరియన్‌లోనే మాట్లాడనీ. హల్మొనితో, అదే వాళ్ల నానమ్మతో, వీడియో కాల్ మానిపించకు. పిల్లకి పదమూడేళ్లు. కొత్త స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తే నీకు ఏ భాషలో చెప్పుకుంటుంది? తెలుగు ఇంకా రాలేదు, కొరియన్ నువ్వు మూసేశావు.

ఏడిపిస్తారు కూడా. "చైనా పిల్ల" అంటారు. పట్టించుకోకు అని మాత్రం అనకు, అది నేనూ అన్నాను, ఏం లాభం లేదు. ఏమన్నారో మొత్తం చెప్పనిచ్చి విను. టీచరుకి చెప్పాలా వద్దా అన్నది దాన్నే అడుగు. చుట్టాలొచ్చినప్పుడు కొరియన్ పాట పాడమని నిలబెట్టకు. అన్నం డబ్బాలో కిమ్చీ పెట్టాలా పులిహోర పెట్టాలా అన్నది దాని ఇష్టం. (నాకైతే ఆ వాసన పడదు, నా మాట వినకు.)

ఒకటి చెప్పనా? అమ్మానాన్నల్ని కొరియన్‌లో ఒమ్మా, అప్పా అని పిలిచే పిల్ల అది. ఆ సీమలో ప్రతివాడూ "ఏమప్పా" అంటుంటే మొదట్లో తిరిగి తిరిగి చూస్తుందేమో! నవ్వాలనిపిస్తే అది నవ్వాకే నువ్వు నవ్వు.

అక్కడ మార్చిలో కొత్త క్లాసు, ఇక్కడేమో జూన్‌లో అంటున్నావు. మధ్యలో దొరికే నెలలన్నీ ట్యూషన్లతో నింపకు. మేలో నా దగ్గరికి పంపు. మీ పెదనాన్న సముద్రానికి తీసుకెళ్తారు, ఆయన తెలుగు దాని తెలుగు ఒకలాగే ఉంటుంది. జూన్‌లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో నేనే ధర్మవరం దాకా దింపుతాను. తేదీ ముందే చెప్పు, బుకింగ్ తెరవగానే రిజర్వేషన్ చేయిస్తా, లేకపోతే కింది బెర్తులు దొరకవు.

మీ పెద్దమ్మ