‘ఎస్తాస్’ దగ్గర తెలుగువాళ్లు పడే తికమకలు

ప్రశ్న: ఎస్పరాంటో నేర్చుకుంటున్నాను. అందులో ‘ఎస్తాస్’ అంటే ‘ఉండటం, అవటం’ చెప్పే క్రియ. ‘నేను టీచర్ని’ అనడానికి ‘మి ఎస్తాస్ ఇన్‌స్ట్రుయిస్తోన్’ అని రాస్తే చివరి ‘న్’ తప్పన్నారు. ఎందుకని?

జవాబు: మీ చేత ఆ ‘న్’ పెట్టించింది తెలుగే. ‘టీచర్ని పిలిచాను’లో ‘ని’ ద్వితీయా విభక్తి. ‘నేను టీచర్ని’లో ఉన్నది విభక్తి కాదు, ‘నువ్వు టీచర్‌వి’లో ‘వి’ లాగా, కర్త ఎవరో చెప్పే ప్రత్యయం. రూపం ఒకటే, పని వేరు. జామెన్‌హాఫ్ అనే కంటి డాక్టరు తయారుచేసి 1887లో ప్రకటించిన ఈ భాషలో ‘న్’ ముఖ్యంగా కర్మకు గుర్తు. పిలవడానికి కర్మ ఉంటుంది కాబట్టి ‘మి వోకాస్ ఇన్‌స్ట్రుయిస్తోన్’ సరైనదే. ‘ఎస్తాస్’కు కర్మ ఉండదు, దాని తర్వాత వచ్చేది విధేయం, అంటే కర్త ఏమిటో చెప్పే మాట. అందుకే ‘మి ఎస్తాస్ ఇన్‌స్ట్రుయిస్తో’.

‘ఆయన డాక్టరు’ అని మనం క్రియ లేకుండానే ముగిస్తాం. అక్కడ అది కుదరదు: ‘లి ఎస్తాస్ కురాత్సిస్తో’. ఊరటేమిటంటే, కర్త ఎవరైనా ‘ఎస్తాస్’ మారదు. గడిచినదానికి ‘ఎస్తిస్’, రాబోయేదానికి ‘ఎస్తోస్’. కాదు, లేడు, లేదు అన్న తేడాలూ లేవు, అన్నిటికీ ‘నే ఎస్తాస్’.

ప్రశ్న: ‘వేడిగా ఉంది’కి ‘ఎస్తాస్ వార్మే’ అని పుస్తకంలో ఉంది. మరి ‘గది వేడిగా ఉంది’కి ‘లా చాంబ్రో ఎస్తాస్ వార్మే’ ఎందుకు తప్పు?

జవాబు: మన ‘గా’ రెండు చోట్లా వస్తుంది, అందుకే ఈ పొరపాటు. ‘ఏది వేడిగా ఉంది?’ అని అడగండి. జవాబుగా నామవాచకం గానీ సర్వనామం గానీ దొరికితే విశేషణం: ‘లా చాంబ్రో ఎస్తాస్ వార్మా’. ఏదీ దొరక్కపోతే క్రియావిశేషణం: ‘వార్మే’. ఒక మెలిక ఉంది. ‘చదవడం’ మనకు నామవాచకంలా వినిపిస్తుంది కానీ ‘లేగి’ క్రియారూపం. కాబట్టి ‘లేగి ఎస్తాస్ అగ్రాబ్లే’ (చదవడం హాయిగా ఉంటుంది). అదే ‘లేగాదో’ అనే నామవాచకం వాడితే ‘అగ్రాబ్లా’ అనాలి.

ప్రశ్న: ఒక పెద్దాయనకు ‘మీరు మంచివారు’ అని రాయాలి. ‘వి ఎస్తాస్ బోనాయ్’ సరిపోతుందా?

జవాబు: సరిపోదు, అది నలుగురైదుగురికి రాసినట్టు ఉంటుంది. ‘వి’ ఒకరికీ పదిమందికీ ఒకటే. లెక్క చెప్పేది విశేషణమే. గౌరవం కోసం బహువచనం వాడే అలవాటు అక్కడ లేదు. ఆయన ఒక్కరే గనుక ‘వి ఎస్తాస్ బోనా’. దంపతులిద్దరికీ కలిపి రాసేటప్పుడు ‘బోనాయ్’.