నాలుగు పేజీలు బట్టీ పట్టిన అబ్బాయి స్టేజీ మీద ఎందుకు ఆగిపోయాడు?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మార్కులకు లోటు లేదు. ఇంట్లో బాగానే మాట్లాడతాడు, నలుగురిలో మాత్రం నోరు పెగలదు. ఈ మధ్య క్లాసులో సెమినార్ ఇవ్వాల్సి వస్తే వాళ్ల నాన్నగారు నాలుగు పేజీలు రాసిచ్చారు. వారం పాటు బట్టీ పట్టాడు. తీరా అక్కడ రెండో పేజీలో ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగిపోయాడట. క్లాసంతా నవ్వారట. అప్పటి నుంచి స్టేజీ మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నాడు. మా అక్క కూతురిది వాడి ఈడే, మైకు దొరికితే వదలదు. రేపు ఇంటర్వ్యూల్లో వీడి గతేమిటి? మూడు నెలల ఆన్‌లైన్ పబ్లిక్ స్పీకింగ్ కోర్సు ఒకటి ఉంది, సర్టిఫికెట్ కూడా ఇస్తారట. కాలేజీలో స్పీకింగ్ క్లబ్ ఉంది. రెంటినీ పోల్చి, ఏది మేలో చెప్పగలరా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సా క్లబ్బా అని. ఉత్తరం నిండా ఉన్నది మాత్రం, వీడు వెనకబడిపోతాడేమోనన్న భయం. నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. చదివే కోర్సు మారుతుంది, ఊరు మారుతుంది, అక్క కూతురో బావగారి కొడుకో మాత్రం ప్రతిదాంట్లోనూ ఉంటారు. పోలిక సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రోజు క్లాసులో ఏం జరిగిందో చూడండి.

ఇంట్లో బాగా మాట్లాడేవాడికి మాట్లాడటం వచ్చినట్టే లెక్క. ఆ రోజు అతను పాఠం అప్పజెప్పబోయాడు. బట్టీ పట్టిన వాక్యాలు గొలుసు కొండీల్లాంటివి. ఒకటి ఊడితే తర్వాతిది చేతికి అందదు, మళ్లీ మొదటి కొండీ దగ్గరికే వెళ్లాలి. అబ్బాయి రెండుసార్లూ ఒకే చోట ఆగిపోవడానికి కారణం అదే. దానికి పిరికితనం అని పేరు పెట్టక్కర్లేదు. ప్రిపరేషన్ పద్ధతి తప్పు, అంతే. పరీక్షకు పనికొచ్చిన పద్ధతినే సభకు వాడాడు.

ఇక్కడ మీ ఇద్దరినీ ఒక మాట అనాలి, ఏమీ అనుకోకండి. ఆ నాలుగు పేజీలు రాసింది ఎవరు? పెద్దాయన రాసిన వాక్యం పందొమ్మిదేళ్ల నోట్లో ఎలా ఇముడుతుంది? ‘ఈ నేపథ్యంలో మనం గమనించదగిన అంశమేమనగా’ అని ఏ కుర్రాడైనా స్నేహితులతో అంటాడా? పిల్లాడి సెమినార్ పిల్లాడే రాసుకోవాలి, తప్పులుంటే తప్పులతోనే. మీరు రాసిస్తే ‘నీకు చేతకాదు’ అని ముందే చెప్పేసినట్టు. ఇంటికి ఎవరైనా వస్తే ‘ఏదీ, ఆ స్పీచ్ ఒకసారి చెప్పరా’ అనడం, చెబుతుంటే మధ్యలో సరిదిద్దడం కూడా ఉన్నాయేమో చూసుకోండి. చాలా ఇళ్లలో ఉంటాయి. అక్క కూతురి పేరు ఇంట్లో ఎత్తడం ఈ రోజు నుంచే మానేయండి. ఆ అమ్మాయికి మైకు ఇష్టం, సంతోషం. మైకు ఇష్టం కానివాళ్లు కూడా మాట్లాడటం నేర్చుకుంటారు, దాన్ని ఇష్టపడాల్సిన పని లేదు.

గాంధీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. బారిస్టరీ చదివొచ్చి, బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తన మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచారు. తల తిరిగిపోయి, ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుండిపోయారు. తీసుకున్న ఫీజు వెనక్కిచ్చేశారు. తర్వాత కూడా ఆయన గొంతు చించుకునే వక్త కాలేదు. మెల్లగా, మామూలు మాటల్లోనే చెప్పేవారు. జనం విన్నారు.

అబ్బాయికి మీరు చెప్పాల్సిన కబురు ఒకటుంది. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వక్త తన టెన్షన్ అందరికీ కనిపించిపోతోందని అనుకున్నంతగా వినేవాళ్లకు అది కనిపించదు. ఈ సంగతిని ముందుగా చెప్పి మాట్లాడించినవాళ్లు మిగతావాళ్ల కంటే మెరుగ్గా మాట్లాడారు కూడా. గుండె దడదడలాడుతుంది, గొంతు తడారిపోతుంది, అవన్నీ నిజమే. బయటికి తెలిసేది అందులో కొంతే.

ఇక అసలు విషయం. ‘స్పీచ్’ అని మనం ఒకే మాట వాడతాం గానీ అన్నీ ఒకటి కావు. అరిస్టాటిల్ 2,300 ఏళ్ల కిందటే వీటిని మూడు రకాలు చేశాడు: జరిగిపోయినదానిపై తీర్పు కోరే కోర్టు వాదన, జరగాల్సినదాని గురించి సభను ఒప్పించే ఉపన్యాసం, ఒకరిని మెచ్చుకోవడానికో విమర్శించడానికో సందర్భాన్ని బట్టి చేసే ప్రసంగం. వినేవాళ్లు ఎందుకు కూర్చున్నారన్నదే ఆ విభజనకు ఆధారం. అబ్బాయి కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

సెమినార్‌లో కూర్చున్నవాళ్లకు విషయం అర్థం కావాలి. పది నిమిషాల్లో మూడు అంశాలకు మించి బుర్రకెక్కవు. నాలుగు పేజీల బదులు అరచేతిలో పట్టే కార్డు ఒకటి చాలు. పెద్ద అక్షరాలతో, ఒకవైపే రాసుకోవాలి. వాక్యాలు రాయకూడదు. ఉదాహరణకు యాంటీబయాటిక్స్‌కు లొంగని సూక్ష్మజీవుల గురించి చెప్పాలనుకోండి. కార్డు మీద ఇంతే ఉంటుంది: ‘1928 ఫ్లెమింగ్, బూజు, పెన్సిలిన్. 1945 నోబెల్ ఉపన్యాసం, హెచ్చరిక. ఇప్పుడు మనం చేస్తున్న తప్పులు’. పేర్లు, అంకెలు మాత్రం పూర్తిగా రాసుకోవాలి, టెన్షన్‌లో ముందు జారిపోయేవి అవే. నోటికి రావాల్సింది మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం. మిగతాదంతా ప్రతిసారీ వేరే మాటల్లో వస్తుంది, రావాలి కూడా.

ఆ మొదటి రెండు వాక్యాలు ‘గౌరవనీయులైన అధ్యాపకులకు, నా తోటి విద్యార్థులకు, ఈ రోజు నేను మాట్లాడబోయే అంశం’ అని ఉండకూడదు. అంశం బోర్డు మీద ఉంది, అందరికీ తెలుసు. ‘పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగే, దాన్ని చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు తట్టుకోవడం నేర్చుకుంటాయని నోబెల్ వేదిక మీద హెచ్చరించాడు. ఆ హెచ్చరికను మనం ఎంత పట్టించుకున్నామో చూద్దాం’ అంటే వెనక బెంచీ కూడా తలెత్తుతుంది.

ప్రాక్టీసు నిలబడి, గొంతు విప్పి, ఫోన్‌లో టైమ్ పెట్టుకుని చెయ్యాలి. మనసులో చదువుకుంటే లెక్కలోకి రాదు. అద్దం ముందు మాత్రం వద్దంటాను, చెప్పే విషయం వదిలేసి తన ముఖం చూసుకుంటూ ఉండిపోతారు. మధ్యలో మర్చిపోతే ఆగి, కార్డు చూసుకుని, తర్వాతి అంశానికి వెళ్లిపోవడమే. వదిలేసింది ఏమిటో చెప్పేవాడికి తప్ప వినేవాడికి తెలియదు.

డిబేట్ దారి వేరు. అక్కడ ముందుగా రాసుకోవాల్సింది ఎదుటి పక్షం వాదన, అదీ అందులో బలమైనది. యూనివర్సిటీల్లో ఎక్కువగా నడిచే బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో ఏ పక్షమో నిర్వాహకులే కేటాయిస్తారు, తయారవడానికి 15 నిమిషాలే ఇస్తారు. బట్టీకి చోటే లేదు. బిడియం ఉన్న పిల్లలు కొందరు ఇక్కడే బాగా రాణిస్తారు, ఎందుకంటే అందరి దృష్టీ మనిషి మీద కాకుండా వాదన మీద ఉంటుంది.

స్వాగతం, వీడ్కోలు, వందన సమర్పణ లాంటివాటికి క్లుప్తతే ప్రాణం. 1863 నవంబరు 19న అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో, సైనికుల శ్మశానవాటికను అంకితం చేసే సభలో, ముందు పేరుమోసిన వక్త ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు మాట్లాడాడు. తర్వాత అధ్యక్షుడు లింకన్ మాట్లాడింది దాదాపు 270 మాటలు, రెండు మూడు నిమిషాలు. మీరు రెండు నిమిషాల్లో చేరిన చోటికి నేను రెండు గంటల్లో చేరగలిగి ఉంటే సంతోషించేవాణ్నని ఎవరెట్ మర్నాడే లింకన్‌కు రాశాడు. వందన సమర్పణలో కాగితం చూసి చదివినా ఎవరూ ఏమీ అనరు. పేరు తప్పు పలికితే మాత్రం ఆ మనిషి చాన్నాళ్లు గుర్తుపెట్టుకుంటాడు. ఎలా పలకాలో ముందే కనుక్కోవాలి.

మీ బెంగంతా ఇంటర్వ్యూల గురించి కదా, అక్కడ కావాల్సింది అప్పటికప్పుడు మాట్లాడటం. దానికీ తయారీ ఉంది. నా అభిప్రాయం ఇది, కారణం ఇది, ఒక ఉదాహరణ ఇది, అందుకే అలా అంటున్నాను. ఈ నాలుగు మెట్లలో నిమిషం సేపు చెప్పడం రోజూ ఒక ప్రశ్న మీద సాధన చేస్తే చాలు. ఆశువుగా వచ్చినట్టు కనిపించేదాని వెనక కూడా చాలా సాధన ఉంటుంది. 1963 ఆగస్టు 28న అమెరికా నల్లజాతివారి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ రాసుకొచ్చిన ప్రతిని పక్కనపెట్టి, ‘నాకొక కల ఉంది’ అంటూ మాట్లాడాడు. ఆ కల మాటలు అంతకుముందు వేరే సభల్లో ఆయన చెప్పి ఉన్నవే.

ఇప్పుడు కోర్సు సంగతి. ఇలాంటి కోర్సుల మీద నాకు అనుమానాలు ఎక్కువ, దాచుకోను. వీటిలో చాలావాటి మొదటి క్లాసులోనే ఒక స్లైడ్ వస్తుంది: మన మాటల ప్రభావం 7 శాతం, గొంతుది 38, ముఖ కవళికలూ శరీర భాషా కలిపి 55 అని. అవి ఆల్బర్ట్ మెహ్రేబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967 నాటి ప్రయోగాల అంకెలు. ఒక మనిషికి మన మీద ఇష్టమో అయిష్టమో ఎలా పసిగడతామన్నదే అక్కడి ప్రశ్న. భావాలూ ఇష్టాయిష్టాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని మెహ్రేబియనే స్పష్టం చేశాడు. ఆ స్లైడ్ చెప్పేదే నిజమైతే మనకు రాని భాషలో ఉపన్యాసం విన్నా 93 శాతం అర్థం కావాలి! ఈ స్లైడ్ చూపించిన చోట డబ్బు కట్టే ముందు ఇంకోసారి ఆలోచించండి.

రెండో అనుమానం, అచ్చుగుద్దినట్టు తయారుచేయడం. అవే చేతులు ఊపడాలు, అవే నాటకీయమైన విరామాలు, ‘ఒక చిన్న కథతో మొదలుపెడతాను’ అన్న అదే ఎత్తుగడ. నెమ్మదిగా మాట్లాడే పిల్లాణ్ని కేకలేసే మోటివేషనల్ స్పీకర్‌లా మార్చాలని చూస్తారు. సహజంగా ఉన్న మంచి గొంతు పోయి, అరువు గొంతు మిగులుతుంది. మూడోది, అబ్బాయి భయం గది నిండా ఉన్న ముఖాలను చూసి. తన గదిలో తలుపేసుకుని కెమెరాతో మాట్లాడితే అది ఎంతవరకు తగ్గుతుంది? సర్టిఫికెట్ గురించి చెప్పేదేముంది, ‘మీ గురించి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగిన మొదటి నిమిషంలోనే దాని విలువ తేలిపోతుంది.

అయినా చేర్పించాలనుకుంటే వాళ్లను ఒక్కటే అడగండి: వారానికి మా అబ్బాయి స్వయంగా నిలబడి ఎన్ని నిమిషాలు మాట్లాడతాడు, అది విని ఎవరు ఏం చెబుతారు? సూటిగా జవాబు రాకపోతే ఫోన్ పెట్టేయండి.

క్లబ్బులోనూ లోపాలుంటాయి. మాట్లాడే నలుగురే ప్రతిసారీ మాట్లాడటం, ఏం చెప్పినా చప్పట్లు కొట్టేయడం. బాగా నడిచే క్లబ్బు ఎలా ఉంటుందో చూడాలంటే 1924లో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ అనే స్పీకింగ్ క్లబ్బుల సంస్థ పద్ధతి చూడండి. కొత్తవాళ్లు టైమ్ చూసే పని, ‘అ.. ఆ..’ అని ఎన్నిసార్లు సాగదీశారో లెక్కపెట్టే పని లాంటి చిన్న బాధ్యతలు తీసుకోవచ్చు. అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం ఉంటుంది, ఐదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగం ఉంటుంది. ప్రతి ప్రసంగం మీదా ఒకరు లేచి బాగున్నదేమిటో, మార్చుకోవాల్సిందేమిటో చెబుతారు. మీ కాలేజీ క్లబ్బు ఇందులో సగం చేసినా కోర్సు కంటే మేలే. ఒక సెమిస్టర్ క్లబ్బుకు వెళ్లనివ్వండి. మొదటి రెండు మూడు మీటింగులు ఊరికే కూర్చుని వస్తానంటే అలాగే రానివ్వండి, ‘ఇవాళ మాట్లాడావా?’ అని గుమ్మంలోనే అడక్కండి. కోర్సు అవసరమా అన్నది ఆ తర్వాత అతనే చెబుతాడు.

ఉద్యోగాల గురించి మరీ బెంగపడకండి. తను చేసిన పనిని తెలియనివాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలా రంగాల్లో సరిపోతుంది. పరిశోధన విద్యార్థుల కోసం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో మొదలుపెట్టిన పోటీలో ఏళ్ల తరబడి చేసిన పరిశోధనను మూడు నిమిషాల్లో, ఒకే ఒక్క స్లైడ్‌తో చెప్పాలి. అక్కడ వాగ్ధాటి కంటే ఏది వదిలేయాలో తెలియడం ముఖ్యం. మార్కులకు లోటు లేని పిల్లాడికి అది పట్టుబడటం కష్టం కాదు.

ఒక్క విషయం మాత్రం గమనించండి. భయం స్టేజీ వరకే ఉంటే పైన చెప్పినవి సరిపోతాయి. అలా కాకుండా వైవాకు వెళ్లలేకపోవడం, క్లాసులు ఎగ్గొట్టడం, ఫోన్ ఎత్తడానికి కూడా జంకడం, మాట్లాడాల్సి వస్తుందంటే ముందు నుంచే రోజుల తరబడి నిద్ర పట్టకపోవడం లాంటివి ఉంటే అది సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురిలో మెలగాలంటేనే విపరీతంగా భయపడే సమస్య, కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది, ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో చాలామంది కోలుకుంటారు. అప్పుడు కోర్సూ క్లబ్బూ రెండూ పక్కనపెట్టి ముందు సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.