శనగపిండి లేకుండా మష్రూమ్ టిక్కా: నీరు కారకుండా చేసేదెలా?

కార్బ్స్ తగ్గించి తింటున్నాం, శనగపిండి, కార్న్‌ఫ్లోర్ లేకుండా మష్రూమ్స్‌కి మసాలా పడుతుందా, పెనం మీద వేయగానే చారులా ఎందుకవుతోంది అని అడిగారు. మా ఆయనకి షుగర్. రాత్రిపూట అన్నం మానేశాక మా ఇంట్లో ఇది తరచూ చేస్తున్నాను. పిండి అక్కర్లేదు, మసాలా బాగానే పడుతుంది.

అసలు తంటా ఉప్పుతోనే. మష్రూమ్‌లో నూటికి 90 పాళ్లకు పైనే నీరు. ఉప్పు తగిలిందంటే అదంతా గిన్నెలోకి దిగి పెరుగు పల్చబడిపోతుంది. శనగపిండి ఆ నీటిని పీల్చుకుని మసాలాను పట్టి ఉంచుతుంది, అందుకే వేస్తారు. మనం ఉప్పు చివర్లో వేస్తే పిండితో పనే లేదు.

200 గ్రాముల ప్యాకెట్‌కి చెప్తాను. కుళాయి కింద గబగబా కడిగి పొడిగుడ్డతో తుడవండి, నీళ్లలో నానబెట్టొద్దు. పెద్దవి రెండు ముక్కలు చేయండి, చిన్నవి అలాగే వదిలేయండి. వేగాక ఎలాగూ సగానికి ముడుచుకుంటాయి. ఇంటి పెరుగైతే పల్చటి గుడ్డలో మూటకట్టి ఓ గంట వేలాడదీయండి. ఆ గట్టి పెరుగు మూడు పెద్ద చెంచాలు తీసుకుని అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, ధనియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, నలిపిన కసూరి మేతి, ఒక చెంచా నూనె కలపండి. ఆవనూనె అయితే ధాబా వాసన వస్తుంది గానీ మా ఇంట్లో ఎవరికీ పడదు, నేను నువ్వుల నూనే వాడతాను. అరగంట ఊరితే చాలు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టడం మాంసానికి సరే, దీనికి దండగ.

ఇనుప పెనం బాగా కాలాక ముక్కలు ఎడంగా పేర్చండి. పెనం చిన్నదైతే రెండు వాయిలు వేయండి. మొదట కాస్త నీరు వదిలి చప్పుడు తగ్గుతుంది. అప్పుడు గరిటె పెట్టి కెలకొద్దు, మూత అసలే పెట్టొద్దు. నీరు ఇగిరి మళ్లీ చిటపటలు మొదలై, అంచులు ఎర్రబడి, నూనె పైకి తేలాక తిప్పండి. రెండో వైపు కూడా వేగాక ఉప్పు చల్లి, దించి నిమ్మరసం పిండండి.

లెక్క కావాలంటే, ప్యాకెట్ మొత్తానికి పెరుగు, మసాలాలతో కలిపి కార్బ్స్ సుమారు 10 గ్రాములు. రెండు పెద్ద చెంచాల శనగపిండి వేస్తే ఇంచుమించు ఇంకో అంత కలుస్తుంది. నంజుకోవడానికి సాస్ వద్దు, అందులో పంచదార ఉంటుంది. పుదీనా పచ్చడి బాగుంటుంది.

షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం అన్నం మానేసే ముందే డాక్టర్‌కి చెప్పండి, షుగర్ మరీ పడిపోవచ్చు. మా ఆయనకి మాత్ర మోతాదు తగ్గించారు.

మిగిలితే పొద్దున తరిగి ఆమ్లెట్‌లో వేసేయండి, వేడి చేసి అలాగే తింటే అంత బాగోదు.