ఆ కాంట్రాక్టు మీద ఇప్పుడే సంతకం పెట్టకు

అమలాపురం

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు వేసిన లంక గ్రామాల బొమ్మలతో అమెరికావాళ్లు పిల్లల పుస్తకం తెస్తున్నారని మీ నాన్న చెప్పగానే వీధిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పేశాను. నువ్వు పంపిన కాంట్రాక్టు చదివాక మాత్రం నిద్ర పట్టలేదు. అందులో 'వర్క్ మేడ్ ఫర్ హైర్', అంటే డబ్బిచ్చి చేయించుకున్న పని, అని ఉంది, చూశావా?

ఫీజు ఎప్పుడిస్తారో రాయించుకో, ఒరిజినల్స్ నీ దగ్గరే ఉంచుకో. అవి నీకు తెలిసినవే.

మీ తాతయ్య సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఒక ప్రెస్సువాళ్లు క్యాలెండరుకి బొమ్మ వేయించుకుని, రెవిన్యూ స్టాంపు అంటించిన రసీదు మీద సంతకం తీసుకున్నారు. అందులో 'సర్వహక్కులతో సహా' అని ఉంది. ఆయన డబ్బు లెక్కపెట్టుకున్నారు గానీ కాగితం చదవలేదు. మరుసటేడు అదే బొమ్మ మళ్లీ అచ్చయింది. కింద మూల ఆయన పేరుండే చోట ఎవరో కొబ్బరి మట్ట గీసేశారు. ఆయన ఒక కొట్టులో దాన్ని చూసి, "మట్ట ఇలాగేనా వేసేది? ఈనెలు ఎటు పోతున్నాయో చూడు" అని తిట్టుకున్నారు. పేరు గురించి ఒక్క మాటా అనలేదు. హక్కులు అమ్మేసినా 'వేసింది నేనే' అని చెప్పుకునే హక్కు 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్‌లో ఉందని ఆయనకి చెప్పే ప్లీడరు అప్పటికి మనింట్లో లేడు.

ఆ సెక్షన్ కాగితం మీద మాటే అనుకోకు. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి విజ్ఞాన్ భవన్‌లో చేసిన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి పడేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు తిరిగిమ్మంది, 5 లక్షల పరిహారం కూడా ఇమ్మంది. ఫ్రాన్సులో అయితే ఈ హక్కుని అమ్ముకుందామన్నా కుదరదు, దానికి గడువూ లేదు. ఇంగ్లండులో రాతపూర్వకంగా ప్రకటించుకోవాలి, వదులుకుంటానని సంతకం పెడితే పోతుంది.

అమెరికా దగ్గరే నా భయం. అక్కడ 1990 చట్టం, వేసినవాళ్ల పేరుకి రక్షణ ఇచ్చేది ఒరిజినల్ పెయింటింగులకీ, సంతకంతో 200 ప్రతులకి మించని ప్రింట్లకీ. పుస్తకంలో బొమ్మలకి లేదు. పైగా 'వర్క్ మేడ్ ఫర్ హైర్' అంటే చట్టం దృష్టిలో ఆ బొమ్మల కర్త కంపెనీయే. మామూలుగా హక్కులు రాసిచ్చినవాళ్లకి 35 ఏళ్ల తర్వాత వెనక్కి తీసుకునే వీలుంది, నీకు అదీ ఉండదు. మన చట్టంలో, హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని ఉంది గానీ, దాని మీద ఆశ పెట్టుకోకు. వాళ్ల కాగితంలో రెండూ రాసేశారు, వివాదమొస్తే న్యూయార్క్ చట్టమే అన్నారు.

కాబట్టి ఆ 'వర్క్ మేడ్ ఫర్ హైర్' మాట కొట్టించి, ఈ ఒక్క పుస్తకానికి లైసెన్సు అని రాయించు. పుస్తకం రాగానే కాపీరైట్ నీ పేరు మీద అక్కడ రిజిస్టర్ చేయించమను. కాపీ కొట్టినవాళ్ల మీద పెద్ద పరిహారం అడగాలంటే అది ముందే ఉండాలి. డబ్బు కొంచెం తగ్గిస్తామంటే ఒప్పుకో, నీకు తక్కువైతే నేను చూసుకుంటాను. అట్ట మీదా లోపలా నీ పేరు ఇంటిపేరుతో సహా ఉండాలి, స్పెల్లింగు నువ్వే రాసివ్వు.

వాళ్లు ఏమన్నారో ముందు నాకు ఫోన్ చెయ్యి. మీ నాన్నకి తర్వాత చెబుదాం, వాడికి ఊరికే టెన్షన్.

మీ పెదనాన్న