రెప్ప వెంట్రుకల వంపు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: నా వయసు 26. బ్యాంకులో పని చేస్తున్నాను. చెల్లెలి పెళ్లి దగ్గర పడుతోందని, రెప్ప వెంట్రుకలను నొక్కి పైకి వంచే ఐలాష్ కర్లర్ కొన్నాను. గట్టిగా నొక్కితే రెప్ప వెంట్రుకలు మధ్యలో మడత పెట్టినట్టు నిలబడుతున్నాయి, మెల్లగా నొక్కితే వంపే తిరగడం లేదు. ఎలాగో వచ్చిన వంపు కూడా మస్కారా వేసిన అరగంటకే వాలిపోతోంది. లోపం కర్లర్‌లో ఉందా, నా చేతిలో ఉందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మడత మీ చేతి ఒత్తిడి వల్ల వస్తోంది, వంపు వాలిపోవడానికి తేమ కారణం. రెండింటికీ విరుగుడు వేరువేరు కాబట్టి విడివిడిగానే చెబుతాను.

కర్లర్ వెంట్రుకను ఒక సన్నని గీత మీద మాత్రమే నొక్కుతుంది. బలమంతా ఆ ఒక్కచోటే పెడితే అక్కడ కోణం తేలుతుంది తప్ప వంపు తిరగదు. గుండ్రంగా రావాలంటే మొదళ్ల దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి, కొసలకు కొంచెం ఇవతల ఇంకొకసారి, పైకి వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గిస్తూ నొక్కాలి. చేతి అద్దాన్ని గడ్డానికి దిగువన పట్టుకుని, తల వంచకుండా చూపు మాత్రం కిందికి దించండి. అప్పుడు పై రెప్ప సాగి వెంట్రుకల మొదళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. కర్లర్‌ను పూర్తిగా తెరిచి, వెంట్రుకలన్నీ సందులోకి వచ్చాక, ముందు సగం మాత్రమే మూసి ఒక క్షణం ఆగండి. చర్మం ఏమాత్రం చురుక్కుమన్నా తెరిచి, ఒక వెంట్రుకవాసి ముందుకు జరపండి. చర్మం తగలడం లేదని నిర్ధారించుకున్న తర్వాతే మూసి, మనసులో అయిదు లెక్కపెట్టేంతసేపు పట్టుకోండి. మధ్యకు, కొసలకు వెళ్లేటప్పుడు మోచేతిని కాస్త పైకెత్తితే కర్లర్ కూడా పైకి తిరుగుతుంది, వంపులో సగం పని ఆ కదలికే చేస్తుంది. ప్రతిసారీ పూర్తిగా తెరిచిన తర్వాతే కర్లర్‌ను జరపాలి, మూసి ఉండగా లాగితే వెంట్రుకలు కుదుళ్లతో ఊడి వస్తాయి.

ఇక వాలిపోవడం గురించి. రెప్ప వెంట్రుక కూడా తల వెంట్రుకలాగే కెరాటిన్ అనే మాంసకృత్తితో తయారవుతుంది. అందులోని కొన్ని సున్నితమైన బంధాలు నీరు తగిలితే విడిపోయి, ఆరేటప్పుడు మళ్లీ ఏర్పడతాయి. తలస్నానం చేసి తడి ఆరకముందే జడ వేసుకుంటే, మర్నాడు విప్పినప్పుడు జుట్టు అలలు అలలుగా ఉండటం, మళ్లీ తడవగానే ఆ అలలు మాయం కావడం మీకు తెలిసిందే. కర్లర్‌తో తెచ్చిన వంపుకూ అదే జరుగుతుంది. మామూలు మస్కారాలో నీటి పాలు చాలా ఎక్కువ. కష్టపడి వంచిన వెంట్రుకకు తడినీ బరువునూ ఒకేసారి తగిలిస్తున్నామన్నమాట. దానికి తోడు మీది సముద్రం పక్కన ఉన్న ఊరు, గాలిలోని తేమ మిగిలిన పని పూర్తి చేస్తుంది. అందుకే పెళ్లి రోజున వాటర్‌ప్రూఫ్ మస్కారా వాడండి. అందులో మైనాలూ, త్వరగా ఆవిరైపోయే ద్రావకాలూ ప్రధానంగా ఉంటాయి కనుక అది ఆరగానే వంపును అలాగే పట్టి ఉంచుతుంది. బ్రష్‌కు ఎక్కువగా అంటిన మస్కారాను టిష్యూతో తుడిచి, పలుచగా ఒక్క పూతే వేయండి. రెండో పూత మీద ఆశ పెంచుకోవద్దు, అందం కంటే బరువే ఎక్కువ పెరుగుతుంది.

ఈ క్రమం ఎప్పుడూ తారుమారు కాకూడదు. ముందు కర్లర్, తర్వాత మస్కారా. మస్కారా ఆరి గట్టిపడిన వెంట్రుకలను నొక్కితే అవి కర్లర్‌లోని రబ్బరు ప్యాడ్‌కు అంటుకుని విరిగిపోతాయి. ముఖానికి రాసిన క్రీము, కాటుక జిడ్డు రెప్పలకు అంటినా వంపు నిలవదు కాబట్టి, పొడి టిష్యూతో ఒకసారి అద్దిన తర్వాతే కర్లర్ పట్టుకోండి. వాటర్‌ప్రూఫ్ మస్కారా రుద్దితే పోదు. నూనె కలిసిన మేకప్ రిమూవర్‌లో దూది తడిపి, మూసిన కంటిపై అర నిమిషం ఆనించి, పైనుంచి కిందికి మెల్లగా తుడవాలి. రాత్రి అలసటలో చేసే రుద్దుడుకు పోయే వెంట్రుకలే, నా దృష్టిలో, కర్లర్ వల్ల పోయేవాటి కంటే ఎక్కువ. అందుకే ఆఫీసుకు వెళ్లే రోజుల్లో వాటర్‌ప్రూఫ్ మానేసి, వంపుతోనే సరిపెట్టుకోమని సలహా ఇస్తాను.

ప్రశ్న: ఫ్యాన్సీ షాపులో నూటయాభై రూపాయలకు దొరికే కర్లర్‌కూ, రెండు వేల రూపాయల కర్లర్‌కూ నిజంగా తేడా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఉంటుంది, అయితే ఆ తేడా ధరను బట్టి కాక మీ కంటిని బట్టి లెక్కకు వస్తుంది. ఇది ఎంతో పాత పరికరం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరం నుంచి 1930ల్లో ‘కర్లాష్’ పేరుతో వచ్చిన కర్లర్ బొమ్మలు చూస్తే, ఈనాటి దానికీ వాటికీ పెద్ద భేదం కనిపించదు. వంగిన లోహపు చట్రం, దానికి ఎదురుగా రబ్బరు ప్యాడ్, వేళ్లు దూర్చే పిడి, అంతే. కాబట్టి పైసలు పెట్టవలసింది చట్రం వంపు మీద. మీ కన్ను ఎక్కువ గుండ్రంగా ఉబికి ఉంటే బాగా వంగిన చట్రం, కళ్లు వెడల్పుగా, తక్కువ వంపుతో ఉంటే చదునైన చట్రం సరిపోతాయి. సరిపడని కర్లర్‌కు కంటి కొసల్లోని వెంట్రుకలు అందవు, వాటిని అందుకోబోయి మధ్యలో చర్మం నొక్కుకుంటాం. ఆ కొసల కోసం సగం వెడల్పుతో చిన్న కర్లర్లు విడిగా దొరుకుతాయి, అవి వాడటం మేలు.

షాపులోనే కర్లర్‌ను మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. చట్రానికీ ప్యాడ్‌కూ మధ్య ఎక్కడైనా సన్నగా వెలుగు కనిపిస్తే అక్కడి వెంట్రుకలు వంగవన్నమాట. లోహపు అంచు మీద వేలు రాసినప్పుడు గరుకు తగలకూడదు. విడి ప్యాడ్లు దొరకని కర్లర్ ఎంత చవకైనా కొనకండి. కొంతకాలానికి ప్యాడ్ మీద చట్రం నొక్కిన చోట ఒక గాడి పడుతుంది. గోటితో తడిమితే తెలిసేంత లోతుగా ఆ గాడి పడిందంటే, వెంట్రుక అందులో ఇరుక్కుని తెగే రోజు వచ్చిందని అర్థం. మూడు నెలలకొకసారి ప్యాడ్ మార్చడం మంచి అలవాటు, గాడి ముందే పడితే ముందే మార్చాలి.

ప్రశ్న: తొందరలో కర్లర్ పట్టుకుని తుమ్మాను. ఒకేసారి ఏడెనిమిది వెంట్రుకలు ఊడి వచ్చాయి. మళ్లీ మొలుస్తాయా? భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: భయపడకండి, మొలుస్తాయి. పై రెప్పకు సుమారు 90 నుంచి 150 వరకు వెంట్రుకలు ఉంటాయి. ప్రతి వెంట్రుకా కొన్ని నెలలు ఉండి, తనంతట తానే రాలి, దాని చోట కొత్తది వస్తుంది. కుదురు దెబ్బ తిననంత వరకు, ఊడిన చోట సాధారణంగా రెండు నెలల్లో కొత్త వెంట్రుక కనిపిస్తుంది, పూర్తి పొడవుకు ఇంకొంత కాలం పట్టవచ్చు. అంతవరకు ఆ కంటికి కర్లర్ వాడకండి, ఖాళీని మస్కారాతో నింపబోకండి. రెప్ప అంచు పక్కన సన్నని ఐలైనర్ గీత ఆ వెలితిని కప్పుతుంది.

నెలలు గడిచినా ఖాళీ అలాగే ఉన్నా, కర్లర్ మానేసిన తర్వాత కూడా వెంట్రుకలు రాలుతున్నా, మొదళ్ల దగ్గర పొట్టు కట్టి రెప్ప అంచులు ఎర్రగా ఉన్నా, కంటి వైద్యులకు చూపించండి. రెప్ప అంచు వాపుకు చికిత్స ఉంది, దానిని మేకప్ కింద దాచుకుంటే ముదురుతుంది.

ప్రశ్న: కర్లర్ వాడటం మొదలుపెట్టిన కొన్ని వారాలకు పై రెప్పల మీద దురద, నల్లదనం, పొట్టు వచ్చాయి. కాటుక, మస్కారా మార్చి చూశాను, తగ్గలేదు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి తమ్మెలు దురద పెడతాయా? జీన్స్ బొత్తాము తగిలే చోట బొడ్డు కింద ఎర్రబడుతుందా? అవునంటే మీకు నికెల్ అనే లోహం పడదని గట్టిగా అనుమానించవచ్చు. లోహపు కర్లర్లలో చాలావాటికి నికెల్ కలిసిన పూత ఉంటుంది. శరీరం మొత్తం మీద అతి పలుచని చర్మం ఉండే చోట్లలో కనురెప్ప ఒకటి కాబట్టి, చెవి ఓర్చుకున్న దానిని కూడా రెప్ప ఓర్చుకోదు. కర్లర్ వల్ల రెప్పలకు ఇలాంటి అలర్జీ రావడం చర్మవైద్యులు గుర్తించిన విషయమే. కొందరిలో లోహం ఏ తప్పూ చేయదు, రబ్బరు తయారీలో కలిపే రసాయనాలు పడక అదే బాధ వస్తుంది.

ముందు కర్లర్‌ను పూర్తిగా పక్కన పెట్టండి. రెప్పలు శాంతించిన తర్వాత చర్మవ్యాధి నిపుణుల దగ్గర ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాలను చర్మానికి అంటించి చూసే పరీక్ష) చేయించుకుంటే పడనిది నికెలా, రబ్బరా, మరొకటా అన్నది తేలుతుంది. నికెల్ అని తేలితే ప్లాస్టిక్ చట్రం, రబ్బరు అని తేలితే సిలికాన్ ప్యాడ్ ఉన్నది ఎంచుకోవచ్చు. గిల్టు నగలకు వేసినట్టు కర్లర్‌కు గోళ్ల రంగు పూత వేసుకుంటే సరిపోతుందని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. కనురెప్పల అలర్జీకి బాగా తెలిసిన కారణాలలో గోళ్ల రంగు కూడా ఒకటి. ఇంట్లో ఉన్న ఏదో ఒక స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ తీసి రెప్పలకు రాయడం ఇంకా ప్రమాదం. డాక్టరు చూడకుండా కంటి దగ్గర అటువంటిది ఏదీ వాడవద్దు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటోంది. గదిలో నలుగురూ ఒకే కర్లర్ వాడుకుంటున్నారట. రెప్పలు పొడవుగా పెరగడానికి రాత్రిపూట ఆముదం రాసుకుంటోంది. ఆమె స్నేహితురాలు ఏవో కంటి చుక్కల మందు రెప్పలకు పూసుకుంటోందని కూడా చెప్పింది. ఇవన్నీ మాన్పించాలా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అన్నిటికంటే ముందు ఆ చుక్కల మందు మాన్పించండమ్మా. మీరు చెప్పిన దానిని బట్టి అది బైమాటోప్రాస్ట్ వంటి మందు అయి ఉండవచ్చు. అది నీటికాసుల వ్యాధికి, అంటే గ్లకోమాకు, వాడే మందు. దానిని వాడే రోగులకు రెప్ప వెంట్రుకలు పొడవుగా, ఒత్తుగా పెరగడం గమనించిన తర్వాత, 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పలుచని రెప్ప వెంట్రుకల కోసం కూడా దానికి అనుమతి ఇచ్చింది. అయితే డాక్టరు చీటీ మీద, వారి పర్యవేక్షణలో వాడవలసిన మందు అది. కన్ను ఎర్రబడటం, దురద, రెప్ప చర్మం నల్లబడటం వంటివి రావచ్చు. కనుపాప చుట్టూ ఉండే వలయం రంగు ముదిరితే అది తిరిగి మారకపోవచ్చు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఎవరినీ అడగకుండా పూసుకోదగినది ఎంతమాత్రం కాదు. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు కూడా ఈ సంగతి చెప్పండి.

ఆముదం వెంట్రుకను పెంచుతుందనడానికి తగిన ఆధారం లేదు. పూత వల్ల వెంట్రుక నల్లగా, మందంగా కనిపిస్తుంది, అంతవరకే. చిక్కని నూనె కంట్లోకి జారితే చూపు మసకబారుతుంది, మంట పుడుతుంది. పైగా ఉదయం ఆ జిడ్డు మీద కర్లర్ పట్టదు.

ఒకే కర్లర్ నలుగురూ వాడుకోవడం మాత్రం ఈ రోజే ఆగాలి. కండ్లకలక ఒకరికి వస్తే గది మొత్తానికి పాకడానికి అంతకంటే సులువైన దారి ఉండదు. మీ అమ్మాయికి ఆమెదే అయిన ఒక కర్లర్ కొనివ్వండి. వాడిన ప్రతిసారీ పొడి టిష్యూతో తుడవమనండి, వారానికొకసారి ప్యాడ్ తీసి సబ్బు నీటితో కడిగి, చట్రాన్ని సర్జికల్ స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, బాగా ఆరనిచ్చిన తర్వాతే మళ్లీ వాడమనండి. కంటికురుపు గాని, కలక గాని ఉన్న రోజుల్లో ఏ కంటి మేకప్పూ వద్దు. తగ్గిన తర్వాత పాత ప్యాడ్‌ను, పాత మస్కారాను పారేయాలి. కర్లర్ వాడటాన్ని మాత్రం తప్పు పట్టకండి. ఆ వయసులో ఆ ముచ్చట సహజం, శుభ్రంగా వాడితే దాని వల్ల కీడు లేదు.

ప్రశ్న: కర్లర్‌ను హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి వాడితే వంపు ఎక్కువ సేపు నిలుస్తుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: వేడి వెంట్రుకను త్వరగా వంచుతుందన్నది నిజమే. కాని డ్రయర్ ముందు లోహం ఎంత వేడెక్కిందో కంటికి తెలియదు, రెప్పకు తగిలాకే తెలుస్తుంది. అంతగా కావాలనుకుంటే బ్యాటరీతో పని చేసే, వేడికి హద్దు ఉన్న కర్లర్ కొనుక్కోండి. దానిని కూడా ముందు మణికట్టు లోపలి వైపు ఆనించి, గోరువెచ్చగా ఉందంటేనే కంటి దగ్గరికి తీసుకెళ్లండి. లైటర్, కొవ్వొత్తి మాటే తలపెట్టవద్దు.

ప్రశ్న: మా పాప కూచిపూడి నేర్చుకుంటోంది. ప్రదర్శనలకు అతికించే రెప్పలు పెడుతున్నాం. అతికించినవి పైకి, సొంతవి కిందికి, రెండు వరసలుగా కనిపిస్తున్నాయి. రెండింటినీ కలిపి కర్లర్‌తో నొక్కవచ్చా? పాప కాంటాక్ట్ లెన్స్ కూడా వాడుతుంది.
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: కలిపి నొక్కకండి. జిగురు ప్యాడ్‌కు అంటుకుంటే, కర్లర్ తీసేటప్పుడు అతికించినవాటితో పాటు పాప సొంత వెంట్రుకలు కూడా వచ్చేస్తాయి. ముందు సొంత వెంట్రుకలను వంచి, వాటర్‌ప్రూఫ్ మస్కారా పలుచగా వేసి ఆరనివ్వండి. తర్వాత అతికించే రెప్పను మొదళ్లకు వీలైనంత దగ్గరగా పెట్టి, జిగురు పూర్తిగా ఆరాక రెండు వరసలనూ చూపుడువేలు, బొటనవేలు మధ్య పట్టుకుని మెల్లగా అదమండి. అలా అదిమితే రెండూ ఒకటిగా కలిసిపోతాయి.

లెన్సులు మాత్రం మేకప్ మొదలుపెట్టక ముందే, చేతులు సబ్బుతో కడుక్కుని పెట్టించండి. ప్రదర్శన అయిపోయాక ముందు లెన్సులు తీసి, ఆ తర్వాత అతికించిన రెప్పలు, చివరికి మస్కారా తీయాలి. జిగురు రిమూవర్ లెన్సుకు తగిలితే ఆ లెన్సు మళ్లీ వాడకండి. అతికించే జిగురుల్లో కొన్నింటిలో లేటెక్స్ (రబ్బరు పాలు) ఉంటుంది, అది కొందరికి పడదు కనుక, కొత్త సీసా తెచ్చినప్పుడల్లా ప్రదర్శనకు రెండు రోజుల ముందు పాప మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి చూడండి. అక్కడ దద్దురు గాని, దురద గాని వస్తే లేటెక్స్ లేని జిగురు తెప్పించండి.